పైకా, కిందికా?

1996 నవంబరు 12 సాయంత్రం. ఢిల్లీ నుంచి బయల్దేరిన సౌదియా బోయింగ్ 747 పైకెక్కుతోంది. ఎదురుగా కజకిస్తాన్ ఎయిర్‌లైన్స్ ఇల్యూషిన్-76 ఢిల్లీకి దిగుతోంది. మొదటిది 14,000 అడుగులు దాటకూడదు, రెండోది 15,000 అడుగుల కిందికి రాకూడదు. కజక్ విమానం ఆ హద్దు దాటి కిందికి దిగిపోయింది. అప్పటి ఢిల్లీ రాడార్ విమానం ఎక్కడుందో చూపేదే గానీ, ఎంత ఎత్తున ఉందో చూపలేకపోయేది. హర్యానాలోని చర్ఖీ దాద్రి మీద రెండూ ఢీకొని 349 మంది చనిపోయారు.

ఎదుట విమానముందని హెచ్చరించే పరికరం ఆ రెంటిలో దేనికీ లేదు. ఆ ఘోరం తర్వాత మన దేశం దాన్ని తప్పనిసరి చేసింది. పైలట్లు దాన్ని టీకాస్ అంటారు.

కళ్ళతో చూసి తప్పుకోలేరా? గంటకు 900 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వచ్చే రెండు జెట్ల మధ్య ఎడం సెకనుకు అర కిలోమీటరు తరిగిపోతుంది. పది కిలోమీటర్ల అవతల చుక్కలా ఉన్నది ఇరవై సెకన్లలో మీదికొచ్చేస్తుంది.

అందుకే టీకాస్ చూడదు, అడుగుతుంది. 1030 మెగాహెర్ట్జ్ మీద చుట్టుపక్కల విమానాలను పలకరిస్తుంది. వాటిలోని ట్రాన్స్‌పాండర్లు తమ ఎత్తును జోడించి 1090 మీద బదులిస్తాయి. జవాబు రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం తేలుతుంది. నేల మీది రాడార్‌తో దీనికి పనిలేదు. ట్రాన్స్‌పాండర్ లేని విమానం మాత్రం దీనికి కనిపించదు.

ఇక్కడే అసలు తెలివి ఉంది. టీకాస్ ప్రమాదాన్ని ప్రధానంగా కిలోమీటర్లలో కాక సెకన్లలో కొలుస్తుంది. ఉన్న దూరాన్ని దగ్గరయ్యే వేగంతో భాగిస్తే, ఎదురుపడటానికి ఎంత సమయం మిగిలిందో తెలుస్తుంది. ఎదురెదురుగా వచ్చే జెట్లకు అయిదు కిలోమీటర్లంటే పది సెకన్లు. ఒకదాని వెనక ఒకటి సెకనుకు 50 మీటర్ల చొప్పున దగ్గరయ్యే జెట్లకు అదే దూరం వంద సెకన్లు.

ఎత్తైన ఆకాశంలో దాదాపు 48 సెకన్లు మిగిలాయనగా "ట్రాఫిక్, ట్రాఫిక్" అని కాక్‌పిట్‌లో గొంతు వినిపిస్తుంది. ఇది సిద్ధంగా ఉండమని హెచ్చరిక. ముప్పు తొలగకపోతే 35 సెకన్ల దగ్గర ఆదేశం వస్తుంది: "క్లైంబ్, క్లైంబ్" లేదా "డిసెండ్, డిసెండ్". తెర మీద ఎరుపు వద్దని, పచ్చ ఇటు రమ్మని చూపుతాయి. పైలట్ అయిదు సెకన్లలో స్పందించాలి. పక్కకు తిరగమని టీకాస్ ఎన్నడూ చెప్పదు. ఎదుటి విమానం ఏ దిక్కున ఉందో టీకాస్ యాంటెన్నా అంత కచ్చితంగా పసిగట్టలేదు, ఎత్తు మాత్రం బాగా తెలుసు.

మరి ఇద్దరూ పైకే వెళితే? ఇరుకు సందులో ఎదురుపడి ఇద్దరూ ఒకే పక్కకు జరిగినట్టవుతుంది. అలా కాకుండా రెండు టీకాస్‌లు ముందే మాట్లాడుకుంటాయి. ఒకటి పైకి అనగానే రెండోది కిందికి అంటుంది.

ఆ ఒప్పందాన్ని మనిషి మాట చెరిపేసిన రాత్రి 2002 జూలై 1. జర్మనీలోని ఉబర్‌లింగెన్ మీద, 36,000 అడుగుల ఎత్తున, బాష్కిరియన్ ఎయిర్‌లైన్స్ టుపొలెవ్-154, డీహెచ్‌ఎల్ బోయింగ్ 757 ఒకదాని దారికి ఒకటి అడ్డొచ్చాయి. జ్యూరిక్‌లో ఒంటరిగా పని చేస్తున్న ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ టుపొలెవ్‌ను దిగమన్నాడు. సెకన్లలోనే దాని టీకాస్ ఎక్కమంది. పైలట్లు కంట్రోలర్ మాటే విన్నారు. బోయింగ్ తన టీకాస్ చెప్పినట్టే దిగింది. రెండు విమానాల్లోని 71 మందీ చనిపోయారు. వారిలో ఎక్కువమంది సెలవులకు బార్సిలోనా బయల్దేరిన పిల్లలు.

బోయింగ్‌కు దిగమని ఆదేశం వచ్చిన సంగతి కింద ఉన్న కంట్రోలర్‌కు తెలియదు. అందుకే ఆ తర్వాత అంతర్జాతీయ నియమాన్ని స్పష్టం చేశారు. టీకాస్ ఒకటి చెప్పి కంట్రోలర్ మరొకటి చెబితే పైలట్ టీకాస్‌నే వినాలి. టీకాస్‌ను కూడా సరిదిద్దారు: ఎదుటివారు ఆదేశం పాటించకపోతే ఇవతలి ఆదేశాన్ని ఇంకా త్వరగా తిరగేస్తుంది.

నేడు పైలట్ రేడియోలో "టీకాస్ ఆర్ఏ" (టీకాస్ ఆదేశం వచ్చింది) అనగానే కంట్రోలర్ విన్నానని చెప్పి ఊరుకోవాలి. "క్లియర్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్" (ముప్పు తొలగింది) అని పైలట్ చెప్పేదాకా ఆ విమానానికి పైకని గానీ కిందికని గానీ చెప్పకూడదు. ఆ కొద్ది సెకన్ల మౌనం కోసం 71 ప్రాణాలు పోయాయి.