పరదేశానికి మందుల మూట: నిషిద్ధమేది, నియంత్రితమేది?

ఉద్దానం ప్రాంతంలో, అనగా కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో, గల్ఫ్ దేశాలకు కొడుకును పంపని వీధి అరుదు. వెల్డర్లుగా, ఫిట్టర్లుగా వెళ్ళే యువకుల పెట్టెలో అరిసెలు, ఆవకాయలతోపాటు తల్లి కట్టి ఇచ్చిన చిన్న మూట ఒకటి ఉంటుంది. శొంఠి, వాము, కరక్కాయ, ఒకటో రెండో జాజికాయలు, కూరలోకి గుప్పెడు గసగసాలు, వైద్యుడు పొట్లం కట్టి ఇచ్చిన చూర్ణం అందులోని సామగ్రి. విజయనగరం, బొబ్బిలి నుంచి అమెరికాకో, ఆస్ట్రేలియాకో చదువుకు వెళ్ళే పిల్లల పెట్టెలోనూ ఇంచుమించు ఇదే మూట. కాని కస్టమ్స్ అధికారి చూసేది వస్తువును; కట్టి ఇచ్చిన చేతిని కాదు.

ముందుగా రెండు మాటలకు భేదం తెలియాలి. నిషిద్ధ వస్తువు ఎవరూ, ఏ కారణంచేతనూ తీసుకొని రాకూడనిది. నియంత్రిత వస్తువు అనుమతిపత్రమో, ధ్రువపత్రమో, వైద్యుని చీటీయో ఉంటే రానిచ్చేది. ఒకే దినుసు ఒక దేశంలో పథ్యం, మరొక దేశంలో నియంత్రితం, ఇంకొక దేశంలో నిషిద్ధం కావచ్చును.

ఇందుకు గసగసాలే మంచి ఉదాహరణ. ఇవి నల్లమందు మొక్క గింజలు. గింజలో మత్తు గుణం అత్యల్పమే అయినా, కాయ పాలు అంటుకోవడం వల్ల మార్ఫిన్ జాడలు మిగులుతాయి. మన వంటలో చిటికెడు వాడితే హాని కానరాదు. అయినా యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, సౌదీ అరేబియాలలో ఇవి నిషిద్ధం. బట్టలకు అంటుకొన్న మూడు గసగసాల గింజలకే ఒక ప్రయాణికుడు దుబాయ్‌లో జైలుపాలయ్యాడని 2008లో పత్రికలు రాశాయి. సింగపూర్‌లో వ్యాపారులు గింజలను ప్రయోగశాలలో పరీక్షింపజేసి, మత్తు పదార్థపు జాడ లేదని తేలిన తరువాతే దిగుమతి చేసుకోవాలి. మన దేశంలో మాత్రం ఇవి కిరాణా సరుకు. అయినా దిగుమతికి ఇక్కడా షరతులున్నాయి: ఆ పంట చట్టబద్ధంగా పండించినదని ఎగుమతి దేశం ధ్రువపత్రం ఇవ్వాలి, గ్వాలియర్‌లోని నార్కోటిక్స్ కమిషనర్ వద్ద ఒప్పందాన్ని నమోదు చేయించాలి. కాబట్టి గల్ఫ్‌కు వెళ్ళేవారి కూరపొడిలో గసగసాలు కలపనే వద్దు. పులుసు చిక్కబడడానికి నువ్వులున్నాయి. పలాస జీడిపప్పు మన ఇంటి పెరటిదే!

జాజికాయను చంటిపిల్లల విరేచనాలకు సానమీద అరగదీసి నాకించడం మనకు అలవాటు. సౌదీ అరేబియాలో విడి జాజికాయగాని, దాని పొడిగాని రానివ్వరు. ఎక్కువ మోతాదులో అది మతిభ్రమ కలిగిస్తుందన్న మాట నిజమే. తాంబూలం సంగతి మరీ విచిత్రం: తమలపాకులతో సహా పాన్ పదార్థాలన్నీ దుబాయ్ కస్టమ్స్ నిషిద్ధాల పట్టికలో ఉన్నాయి. కొత్త కోడలి వెంట ఆకువక్కలు పంపేవారు గమనించాలి.

నా దృష్టిలో అన్నిటికంటె ప్రమాదకరమైనది పేరు లేని పొట్లం. అజీర్తికి, గ్రహణికి వాడే జాతీఫలాది చూర్ణంలో జాజికాయ మాత్రమే ఉంటుందనుకొనేవారు చాలామంది. శాస్త్రోక్తమైన పాఠంలో భంగాకు, అంటే గంజాయి ఆకు కూడా ఉన్నది. అతిసారానికి ఇచ్చే కర్పూర రసంలో నల్లమందు ఉన్నది. లైసెన్సు పొందిన తయారీదారు చేసినది ఇక్కడ ఔషధం. గల్ఫ్ విమానాశ్రయంలో అదే మాదకద్రవ్యం. మీ వైద్యుని అడిగి ప్రతి మందులోని ద్రవ్యాలన్నీ తెలుసుకొనండి. అడగడానికి మొగమాటం అక్కరలేదు.

ఇంగ్లీషు మందులకూ ఇదే వర్తిస్తుంది. ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలకు, కోడీన్ ఉన్న దగ్గు మందులకు ఎమిరేట్స్ ఆరోగ్యశాఖ అనుమతి ముందుగా పొందాలి. నడుము నొప్పితో పనికి వెళ్ళే కుర్రవాడు పక్కింటివారిచ్చిన మాత్రలను జేబులో వేసుకోరాదు.

భస్మాలు, రసౌషధాల మాట. అమెరికాలోని బోస్టన్ పరిసరాల దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించగా 14 వాటిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ కనబడినట్లు 2004లో వైద్య పత్రిక ‘జామా’ ప్రచురించింది. పిమ్మట మన ప్రభుత్వం 2006 జనవరి 1 నుంచి ఎగుమతి అయ్యే మూలికా ఔషధాలకు లోహ పరీక్ష తప్పనిసరి చేసింది. సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 పీపీఎంకు మించరాదు. ఇందులో కించపడవలసినది ఏమీ లేదు. మూత్రపిండాల వ్యాధి ఇంటింటికీ తెలిసిన ఉద్దానంలో, లోహం కలిసిన మందును వైద్యుని పర్యవేక్షణ లేకుండా వేల మైళ్ళ దూరాన వాడడం ఎంతమాత్రం తగదు.

మన దేశం దాటనివ్వని వస్తువులూ ఉన్నాయి. ఎక్కిళ్ళకు నెమలి ఈకల భస్మం వాడడం తెలిసినదే. నెమలి ఈకల ఎగుమతి నిషిద్ధం. కస్తూరి మృగం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నది. చెంగల్వకోష్టు, సర్పగంధి అంతర్జాతీయ ఒప్పందం కింద నియంత్రితాలు.

తిరుగు ప్రయాణం మాటేమి? అక్కడి ఖర్జూరపు పిలకనో, పూలమొక్కనో తువాలులో చుట్టి తెచ్చేవారున్నారు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం మొక్కలకు, విత్తనాలకు దిగుమతి అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఎందుకంటారా? అమెరికా ఖండపు సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో తొలిసారి 2016లో పొల్లాచ్చి కొబ్బరిపై కనబడింది. తరువాత ఆంధ్ర కోస్తా తోటలకూ పాకింది. అమెరికా వారు మన పచ్చి కరివేపాకును రానివ్వకపోవడమూ ఇటువంటి కారణానికే: నిమ్మ, నారింజ తోటలను పాడుచేసే పురుగు దానిపై ఉంటుంది.

ఇక మూట కట్టే పద్ధతి. శొంఠి, పసుపు, వాము వంటివి కంపెనీ ముద్ర, పదార్థాల పేర్లు ఉన్న సీలు పొట్లాలలోనే పెట్టండి. మందులు అసలు డబ్బాలో, ఇంగ్లీషులో రాసిన వైద్యుని చీటీతో, వాడకానికి సరిపడినంతే ఉండాలి. ఆస్ట్రేలియాకు వెళ్ళేవారు ఆహారం, గింజలు, మూలికలు ఉన్నట్లు విమానంలో ఇచ్చే పత్రంలో తప్పక రాయాలి. రాసి చూపితే మహా అయితే వస్తువు పోతుంది, దాచితే జరిమానా. ఇతరులు ఇచ్చిన మూటను విప్పి చూడకుండా పెట్టెలో పెట్టకండి, అది మేనత్త ఇచ్చినదైనా సరే.