ట్రాలీ కొనాలా... లారీకి జాకీ పెట్టించాలా?

ఒకప్పుడు లోడు ఇసుక దించాలంటే నలుగురు మనుషులు, నాలుగు పారలు, ఓ గంట సమయం కావాలి. ఇప్పుడు లీవరు లాగితే చాలు... రెండు నిమిషాల్లో కుప్ప! మరి ఆ లీవరు ట్రాక్టర్ ట్రాలీకి ఉండాలా, లారీకి ఉండాలా? నాలుగు డబ్బులు కూడబెట్టి సొంతంగా బండి తిప్పుకోవాలనుకునేవారికి వచ్చే మొదటి సందేహం ఇదే. ఎంపిక కుదిరితే అదే జీవనాధారం. తప్పితే అప్పు... ఒక్కోసారి ప్రాణానికే ముప్పు!

ఊళ్లో ట్రాక్టరున్న ఓ కుర్రాణ్ని ఊహించుకోండి. దుక్కుల సీజను నాలుగు రోజులు హడావుడి. తర్వాత బండి చెట్టుకింద, కిస్తీ నెత్తిమీద. మట్టి, ఇసుక, ఇటుక, పశువుల ఎరువు... ఏది తోలినా పదిరూపాయలు వస్తాయి. కానీ ఇంట్లో ఉన్నది జాకీ లేని పాత ట్రాలీ. దించడానికే కూలీల ఖర్చు సగం లాభాన్ని తినేస్తోంది. అతని ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ట్రాక్టర్‌కి తగిలించే హైడ్రాలిక్‌ ట్రాలీ కొనడం. రెండోది, చవకగా వచ్చే పాత లారీ తీసుకుని, దాని బాడీ విప్పించి టిప్పర్‌ తొట్టి కట్టించడం. విజయవాడ ఆటోనగర్‌ లాంటి చోట్ల బాడీలు కట్టే మేస్త్రీలకు కొదవలేదు. అందుకే రెండో దారి చాలామందిని ఊరిస్తుంది.

చెరువు దగ్గర ఎవరు గెలుస్తారు?

తెలంగాణలో 2015లో మిషన్‌ కాకతీయ మొదలైంది. 46వేలకు పైగా చెరువులను బాగుచేయాలన్నది లక్ష్యం. జేసీబీలు పూడిక తీస్తుంటే రైతులు తమ ఖర్చుతో ఆ ఒండ్రుమట్టిని పొలాలకు తోలుకున్నారు. ఆ పనికి ఎక్కువగా నడిచింది ట్రాక్టర్లే. కారణం ఉంది. చెరువులో దిగబడే నేల, గట్టు మీద సన్నటి దారి, పొలంలో మెత్తటి దుక్కి. పెద్ద చక్రాల ట్రాక్టర్‌ అక్కడ గునగునా నడుస్తుంది. లోడుతో ఉన్న లారీ అదే దారిలోకి దిగితే ఇరుసు దాకా కూరుకుపోతుంది. దాన్ని లాగడానికి మళ్లీ ట్రాక్టరే రావాలి!

ట్రాలీకి మరో సుగుణం ఉంది. పిన్ను తీసేస్తే ట్రాక్టర్‌ మళ్లీ నాగలికి సిద్ధం. ఇంజిన్‌ ఒక్కటే, పనులు రెండు. లారీకైతే తోలే పని లేని రోజు వేరే పనేమీ ఉండదు. బండి ఆగినా పన్ను, బీమా మాత్రం ఆగవు.

పైకి లేపే బలం ఎక్కడిది?

ట్రాలీ జాకీకి సొంత ఇంజిన్‌ ఉండదు. ట్రాక్టర్‌లో నాగలిని ఎత్తే హైడ్రాలిక్‌ నూనే గొట్టం ద్వారా ట్రాలీ కిందున్న సిలిండర్‌లోకి వెళ్తుంది. ఒకదాంట్లో ఒకటి ఇమిడిన గొట్టాలు పొరలుపొరలుగా బయటికొచ్చి తొట్టిని లేపుతాయి. చాలా ట్రాక్టర్లలో గేర్లను తడిపే నూనె, హైడ్రాలిక్‌ నూనె ఒకటే. కాబట్టి సిలిండర్‌ నిండాక గేర్‌బాక్సులో నూనె తగ్గుతుంది. కొత్త ట్రాలీ తగిలించినప్పుడు నూనె మట్టం చూసుకోకపోతే ట్రాక్టర్‌కే ఎసరు!

లారీలో ఏర్పాటు వేరు. గేర్‌బాక్సు నుంచి పీటీవో ద్వారా శక్తి తీసుకుని ఓ పంపు తిరుగుతుంది. దానికి సొంత నూనె ట్యాంకు, మీట ఉంటాయి. అయితే అసలు తేడా జాకీలో కాదు, చట్రంలో ఉంది. కంపెనీ టిప్పర్‌గానే తయారుచేసిన బండికి చక్రాల మధ్య దూరం తక్కువ. చట్రం దృఢంగా ఉంటుంది. సరకు లారీ పొడవుగా ఉంటుంది. దాని బరువంతా తొట్టి మీద సమంగా పరచుకుంటుందన్న లెక్కతో చేసింది. తొట్టి లేపినప్పుడు ఆ బరువు వెనక కీలు మీదా, జాకీ ఆనే చోటా పడుతుంది. అందుకే తొట్టికీ చట్రానికీ మధ్య ఉపచట్రం తప్పనిసరి. వెనక కీలు ఇరుసుకు దగ్గరగా ఉండాలి. చట్రాన్ని ఎక్కడపడితే అక్కడ వెల్డింగ్‌ చేస్తే ఆ చోటే తర్వాత పగులు మొదలవుతుంది. ఇంకో సంగతి... జాకీ, ఉపచట్రం, మందం రేకు తొట్టి కలిస్తే బండి సొంత బరువు పెరుగుతుంది. అది పెరిగినంత మేరా మోసే సరకు తగ్గించుకోవాల్సిందే.

దూరమే తేలుస్తుంది!

కాగితం మీద లెక్క వేస్తే విషయం తేలిపోతుంది. ట్రాలీలో 4 టన్నులు, రెండిరుసుల లారీలో 10 టన్నులు అనుకుందాం. జేసీబీ నింపుతోంది.

పని ఊరికి 5 కిలోమీటర్ల దూరంలో ఉంటే ట్రాక్టర్‌ గంటకు 20 కి.మీ. వేగంతో పోయి రావడానికి అరగంట, నింపి దించడానికి పావుగంట... మొత్తం 45 నిమిషాలు. ఎనిమిది గంటల్లో పది ట్రిప్పులు, 40 టన్నులు. చిన్న పనులకు ఇది ధారాళం. అదే 30 కిలోమీటర్లయితే? ట్రిప్పుకు మూడుంపావు గంటలు. రోజంతా తిరిగినా రెండు ట్రిప్పులు, 8 టన్నులు! లారీ గంటకు 40 కి.మీ. చొప్పున వెళ్తే పోయి రావడానికి గంటన్నర, నింపి దించడానికి 20 నిమిషాలు. రోజుకు నాలుగు ట్రిప్పులు, 40 టన్నులు. అంటే ఊరి పొలిమేరల్లో ట్రాలీ రాజు. రోడ్డెక్కితే టిప్పరే రాజు.

బండి మారితే కాగితమూ మారాలి

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట స్పష్టంగా చెప్పింది. కాబట్టి తొట్టి కట్టించాక రవాణా అధికారి దగ్గరికి వెళ్లడం కాదు, ముందే వెళ్లి ఆ మార్పు కుదురుతుందో లేదో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఆర్సీలో ఒకలా, రోడ్డు మీద ఒకలా ఉన్న బండికి ప్రమాదం జరిగితే బీమా సొమ్ము దగ్గర పేచీ వస్తుంది.

ట్రాలీకీ కాగితాలున్నాయి. ట్రాక్టర్‌తో పాటు దాన్నీ విడిగా రిజిస్టర్‌ చేయించాలి. 1989 నాటి కేంద్ర నిబంధనల్లో వ్యవసాయ ట్రాక్టర్‌ రవాణా వాహనం కాదు. సొంత పంట తోలుకోవడం వేరు, కిరాయికి ఇసుక తోలడం వేరు. కిరాయికి తిప్పాలంటే రిజిస్ట్రేషన్, బీమా అందుకు తగ్గట్టే ఉండాలి.

లైసెన్సు సంగతీ చూసుకోవాలి. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా వాహనాలను తేలికపాటి వాహన లైసెన్సుతో నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. పెద్ద లారీకి మాత్రం హెవీ లైసెన్సు ఉండాల్సిందే. పన్నుల విషయానికొస్తే 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీదా, తనంతట తాను సరకు దించే వ్యవసాయ ట్రాలీల మీదా జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. సరకు లారీల మీద 28 నుంచి 18 శాతానికి దిగింది. కొత్తది కొనేవారికి ఇది కాస్త ఊరట.

నిండుగా నింపితే నష్టమే

తొట్టిలో పట్టినంతా మోయొచ్చనుకోవడం పెద్ద పొరపాటు. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల లోతున్న ట్రాలీలో 120 ఘనపుటడుగులు పడతాయి. పొడి ఇసుకే అయితే సుమారు 5.4 టన్నులు. తడి ఇసుకైతే ఇంకా ఎక్కువ. పైన గోపురంలా పోస్తే చెప్పనక్కర్లేదు. చాలా ట్రాలీలకు బ్రేకులుండవు. వెనకున్న బరువునంతా ట్రాక్టర్‌ బ్రేకులే ఆపాలి. వాలు మీద అది ఆగకుండా ట్రాక్టర్‌నే పక్కకు తోసేస్తుంది. బ్రేకులున్న ట్రాలీ ఖరీదు ఎక్కువే అయినా ఆ తేడా చూసుకోకూడదు.

లారీకీ హద్దుంది. 2018లో రెండిరుసుల లారీ మొత్తం బరువు పరిమితిని 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు పెంచారు. పాత బండికి మాత్రం దాని ఆర్సీలో రాసిందే లెక్క. 2019 సవరణ తర్వాత చట్టంలో అధిక లోడుకు రాసిన జరిమానా రూ.20 వేలు, పైన ప్రతి టన్నుకూ మరో రూ.2 వేలు. నెల లాభం ఒక్క తనిఖీలో పోతుంది.

లేపేముందు పైకి చూడండి

అసలు ప్రమాదం తొట్టి లేచినప్పుడే. పైన కరెంటు తీగ ఉందా, కింద నేల సమంగా ఉందా... లీవరు మీద చెయ్యి వేసే ముందు ఈ రెండూ చూడాలి. ఒక చక్రం పల్లంలో ఉంటే లేచిన తొట్టి బండిని పక్కకు పడదోస్తుంది. బంకమట్టి ముందువైపు అంటుకుని జారకపోతే మరీ ప్రమాదం. తొట్టిని ముందుకీ వెనక్కీ కుదిపి విదిలించే అలవాటు మానుకోవాలి. రెండు చక్రాల ట్రాలీ లేచినప్పుడు బరువు వెనక్కి మళ్లి కొక్కేన్ని పైకి లాగుతుంది. పిన్నుకు తాళం లేకపోతే ఊడిపోతుంది. గ్రీజు పెట్టడానికో, లీకు చూడటానికో లేచిన తొట్టి కిందికి వెళ్లాలంటే ఆనుకర్ర పెట్టాకే. గొట్టం పగిలితే తొట్టి క్షణంలో కిందపడుతుంది, తప్పుకునే సమయమే ఉండదు. రాత్రిపూట వెనక లైటూ, మెరిసే స్టిక్కరూ లేని ట్రాలీ వెనకొచ్చేవారికి మృత్యువే.

ఇంతకీ ఏది కొనాలి?

ట్రాక్టర్‌ ఉండి, పని ఐదారు కిలోమీటర్ల లోపే దొరుకుతుంటే హైడ్రాలిక్‌ ట్రాలీ. దూరం ఎక్కువై, ఏడాది పొడవునా పని ఖాయంగా ఉంటే కంపెనీ చేసిన టిప్పర్‌... పాతదైనా సరే. సరకు లారీకి జాకీ పెట్టించడం చివరి మాట. అదీ చట్రం బాగుండి, కాగితాలు కుదిరితేనే. మన కుర్రాడిలా తేల్చుకోలేనివారు ఒక నెలపాటు కిరాయి ట్రాలీతో తిరిగి, రోజుకు ఎన్ని ట్రిప్పులు, ఎంత దూరం, ఎంత డీజిలు అన్నది పుస్తకంలో రాసుకుంటే చాలు. జవాబు ఆ పుస్తకమే చెబుతుంది.

లీవరు లాగితే మట్టి దిగుతుంది. అప్పు మాత్రం ట్రిప్పు ట్రిప్పుకీ మనమే దించుకోవాలి మరి!

పడవల వీరుడి పుణ్యం

లారీకి హైడ్రాలిక్‌ జాకీ అమర్చినవారిలో తొలితరం పేరు అమెరికాకు చెందిన గార్‌ వుడ్‌. 1911 ప్రాంతంలో బొగ్గు బండి తొట్టిని డ్రైవరు చేత్తో తిప్పుతూ నానా తంటాలు పడి లేపడం చూసి అతనికి ఈ ఆలోచన వచ్చిందంటారు. జాకీలతో బాగా సంపాదించి ఆ డబ్బుతో వేగపు పడవలు చేయించాడు. 1931లో నీటి మీద గంటకు వంద మైళ్ల వేగం దాటిన తొలి వ్యక్తిగా రికార్డు సృష్టించాడు. బరువులు లేపే యంత్రంతో మొదలై నీళ్ల మీద ఎగిరిపోయాడన్నమాట!