తండా నుంచి జాగ్రెబ్ వరకు
పరుగును ఆటగా మలచుకున్న ఫుట్‌బాల్ క్రీడాకారిణి సౌమ్య

కరీంనగర్: కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పాఠశాలల్లో వేగంగా పరుగెత్తే బాలికలకు కొదవ లేదు. ఆ పరుగుకు తగిన ఆట, ఆటకు తగిన వేదిక తోడైతే ఎంత దూరం చేరవచ్చో పొరుగునే ఉన్న నిజామాబాద్ జిల్లాకు చెందిన గుగులోతు సౌమ్య నిరూపించింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2024-25 సంవత్సరానికి ఆమెను ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా ఎంపిక చేసింది.

అథ్లెటిక్స్‌తో ఆరంభం
కిసాన్‌నగర్ తండాలోని వ్యవసాయ కుటుంబంలో 2001లో సౌమ్య జన్మించింది. తొలుత పరుగు పందేల్లో రాణించింది. ఆమె వేగాన్ని గమనించిన శిక్షకుడు ఫుట్‌బాల్ వైపు మళ్లించారు. మైదానం అంచు వెంట బంతిని తీసుకెళ్లి, ప్రత్యర్థులను దాటి గోల్ ముందుకు అందించే క్రీడాకారిణిని వింగర్ అంటారు. వేగం గలవారికి తగిన స్థానమది. అయితే బంతిపై అదుపు, సహచరుల కదలికలను పసిగట్టే నేర్పు అలవడాలంటే గట్టి జట్లతో తరచూ తలపడాలి.

రాష్ట్రం దాటిన ప్రస్థానం
ఆ అవకాశం కోసం ఆమె ఇతర రాష్ట్రాల బాట పట్టింది. 2021లో భారత సీనియర్ జట్టులో అడుగుపెట్టింది. 2022లో ఇండియన్ ఉమెన్స్ లీగ్ గెలిచిన గోకులం కేరళ జట్టులో సభ్యురాలు. అదే ఏడాది జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది. ఆ సెప్టెంబరులో కాఠ్మాండూలో జరిగిన దక్షిణాసియా పోటీల్లో మాల్దీవులపై భారత్ 9-0తో గెలువగా, అందులో ఒక గోల్ సౌమ్యది. అనంతరం ఈస్ట్ బెంగాల్ తరఫున 2024-25 లీగ్ విజేతగా నిలిచింది.

మిగిలిన ప్రశ్న
1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టుకు శిక్షకుడు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. అంతటి చరిత్ర ఉన్నా, 2024-25 మహిళల లీగ్‌లోని ఎనిమిది జట్లలో తెలంగాణది ఒక్కటీ లేదు. కేరళ, బెంగాల్ క్లబ్బులు ఆదరించినందునే సౌమ్య ఆట నిలిచింది. ఇల్లు విడిచి అంత దూరం వెళ్లడం తండాల్లోని ప్రతి బాలికకూ సాధ్యం కాదు. పాఠశాల పోటీల్లో ముందు నిలిచిన బాలికను గుర్తించే కన్ను, ఆమె నిలకడగా ఆడేందుకు దగ్గరలో ఒక జట్టు ఉన్నప్పుడే మరో సౌమ్య వెలుగులోకి వస్తుంది.