తలకు తగిలిన దెబ్బ

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున 2006వ సంవత్సరమున జాకరీ లిస్టెట్ అను 13 ఏండ్ల బాలుడు, ఫుట్‌బాల్ ఆడుచు తల నేలకు మోదుకొనగా కొంతసేపు ప్రక్కన కూర్చుండి, మరల క్రీడారంగమున దిగి, ఆట ముగిసిన పిదప కుప్పకూలినాడు. వైద్యులు మెదడునకు శస్త్రచికిత్స చేసి ప్రాణము నిలిపిరి గాని, అతనికి మాట వచ్చుటకే నెలలు పట్టినది. శిరోఘాతమునకు గురియైనట్లు అనుమానము కలిగిన బాలక్రీడాకారుని తత్క్షణమే ఆటనుండి తప్పింపవలెననియు, లైసెన్సు పొందిన ఆరోగ్యనిపుణుని లిఖితానుమతి లేక మరల ఆడింపరాదనియు 2009లో ఆ రాష్ట్రము అతని పేరనే శాసనము చేసినది. తక్కిన రాష్ట్రములన్నియు క్రమముగా ఆ బాటనే నడచినవి.

స్పృహ తప్పిననే ప్రమాదమనుట గొప్ప పొరపాటు. పెక్కుమందికి స్పృహ తప్పనే తప్పదు. కపాలములో మెదడు కుదుపునకు లోనై దాని వ్యాపారము తాత్కాలికముగా చెదరును గనుక స్కానింగులో సైతము ఏమియు కానరాకపోవచ్చును. చెప్పిన స్కోరునే మాటిమాటికి అడుగువాడు, ప్రశ్నకు తడుముకొని బదులిచ్చువాడు, తలనొప్పి, వికారము, వెలుతురు సైపలేమి కలవాడు ఆనాడు మరల ఆడరాదు.

వాంతులు ఆగకున్నను, మూర్ఛ వచ్చినను, తలనొప్పి హెచ్చుచున్నను, మగతనుండి లేపుట కష్టమైనను ఆసుపత్రికి తక్షణము చేర్పవలెను. తక్కినవారికి ఒకటి రెండు దినముల విశ్రాంతి, పిదప మెల్లని నడక, చదువు; లక్షణములు తిరుగబెట్టకున్నచో, మెట్టుమెట్టునకు కనీసము ఒక దినము వ్యవధినిచ్చుచు, వైద్యుని అనుమతితో తుదకు ఆట.

తల్లిదండ్రులారా, శిక్షకులారా, పోటీ ఎంత గొప్పదైనను, అనుమానము కలిగిననాడు బిడ్డను ఆడింపకుడు.