లినక్స్ వేస్తే వైఫై ఎందుకు మాయమవుతుంది?

పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేశారు. అంతా బాగుంది, వైఫై గుర్తు మాత్రం లేదు. కార్డు పాడైందా? చాలాసార్లు కాదు.

ముందు టెర్మినల్ తెరిచి 'ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్' అని ఇంగ్లిషులో కొట్టండి. 'సాఫ్ట్ బ్లాక్డ్' పక్కన 'యెస్' ఉంటే రేడియోను ఆపింది సాఫ్ట్‌వేరే. 'ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై' అని కొడితే సరి. 'హార్డ్ బ్లాక్డ్' పక్కన 'యెస్' ఉంటే ల్యాప్‌టాప్ అంచున చిన్న స్విచ్చో, విమానం బొమ్మ ఉన్న కీనో వెతకండి.

ఈ రెండూ కాకపోతే, అసలు చిక్కు చాలావరకు ఫర్మ్‌వేర్‌తోనే. వైఫై కార్డులోనూ ఓ బుల్లి ప్రాసెసర్ ఉంటుంది. అది నడవడానికి కావాల్సిన ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. చాలా కార్డుల్లో అది శాశ్వతంగా ఉండదు. కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ డ్రైవరే దాన్ని కార్డులోకి ఎక్కించాలి. ఆ ఫర్మ్‌వేర్ ఫైలేమో కార్డు తయారుచేసిన కంపెనీ సొత్తు. కొన్ని పాత బ్రాడ్‌కామ్ కార్డుల ఫైళ్లను పంచిపెట్టే అనుమతి లినక్స్ వాళ్లకు లేదు. డెబియన్ అనే లినక్స్ రకమైతే 2023లో 12వ వెర్షన్ వచ్చేదాకా ఇలా కంపెనీల సొత్తయిన ఫర్మ్‌వేర్‌ను తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టనే లేదు. పట్టుదలంటే అదీ! మీ చిక్కూ ఇదేనా అని తేల్చుకోవడానికి 'సుడో డీమెస్గ్' కొట్టినప్పుడు 'ఫర్మ్‌వేర్' దగ్గర 'ఫెయిల్డ్' అని కనబడితే దొంగ దొరికినట్టే.

మరి నెట్ లేకుండా ఆ ఫైలు దించుకునేదెలా? ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి ఫోన్ నెట్‌ను ల్యాప్‌టాప్‌కు పంచే టెథరింగ్ ఆన్ చేయండి. 'ఎల్‌ఎస్‌పీసీఐ' కొడితే కార్డు పేరు తెలుస్తుంది. దానికి తగ్గ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ వేసి, ఒకసారి రీస్టార్ట్ చేయండి.