ఇంట గెలిచి ఆట గెలవాలి

సినిమా చూసి వచ్చినవాడు రచ్చబండ దగ్గర కూర్చుని బాగుందంటే ఊరంతా బళ్లు కట్టుకుని టూరింగ్ టాకీసుకు పోవటం, బాగాలేదంటే ఆగిపోవటం మన పల్లెలు ఎరిగినదే. ఆ పనే నేడు వీడియో గేముల విషయంలో ఒక వృత్తిగా సాగుతోంది. కొత్త ఆటను ముందుగా తాను ఆడి చూసి, అందులోని మంచిచెడ్డలు పదిమందికీ చెప్పేవారిని సమీక్షకులంటున్నారు. కొందరికి ఇది జీతం వచ్చే ఉద్యోగం. మరికొందరికి పగటి పని ముగిశాక రాత్రిపూట చేసుకునే వ్యాపకం. ఇరువురికీ చిక్కు ఒక్కటే. ఆటకిచ్చే ప్రతి గంటా ఇంటి లెక్కలోంచి తీసి ఇవ్వాల్సిందే.

రెండున్నర గంటల్లో తేలదు

సినిమా సమీక్షకుడికి రెండున్నర గంటలు చాలు. ఆటకు అలా కుదరదు. పోలెండు దేశంలో తయారై 2015లో విడుదలైన 'ది విచర్ 3'లో ప్రధాన కథ ముగియటానికే సుమారు 50 గంటలు పడుతుంది. ఉపకథలన్నీ చూడాలంటే 100 గంటలు దాటుతుంది. రోజుకు రెండు గంటల చొప్పున ఆడినా 50 రోజుల పని అన్నమాట.

అదీగాక, కంపెనీలు విడుదలకు ముందే సమీక్షకులకు ఆట పంపి, ఫలానా గంట వరకు ఏమీ బయటపెట్టరాదని షరతు విధిస్తుంటాయి. ఆ గంటకు సమీక్ష సిద్ధంగా లేకపోతే చూసేవారు మరొకరి దగ్గరకు పోతారు. దాంతో నిద్ర తగ్గించుకోవటం, పిల్లల చదువు భార్య మీద వదిలేయటం, పండగనాడు కూడా తెర ముందు కూర్చోవటం మొదలవుతాయి. సమీక్ష చేసేది ఇల్లాలే అయితే చాకిరీ అంతా తెమిలాకగాని ఆమెకు ఆ గంట చిక్కదు. "పని చేస్తున్నా"నని ఆడేవారంటారు. "ఆడుకుంటున్నా"రని ఇంట్లోవారంటారు. రెండు మాటలూ నిజమే కనుక తగవు ఓ పట్టాన తెగదు.

నలుగురి మాట

జపానులో 1986లో మొదలైన 'ఫామిట్సు' పత్రిక ఈ పనికి ఒక పద్ధతి పెట్టింది. ఒక్కొక్క ఆటను నలుగురు చూసి, తలా పదికి మార్కులు వేస్తారు. మొత్తం 40కి లెక్క. 1998లో 'జెల్డా' వరుసలోని ఒక ఆటకు వచ్చేదాకా ఏ ఆటకూ నలభైకి నలభై రాలేదు. ఒకరికి నచ్చినది నలుగురికీ నచ్చటం ఎంత అరుదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంట్లోనూ నలుగురుంటారు. వారిని పక్కన కూర్చోబెట్టుకుంటే సమీక్షకు బలం వస్తుంది. స్వీడన్‌లో తయారైన 'ఇట్ టేక్స్ టూ' ఇందుకు మంచి ఉదాహరణ. 2021లో వచ్చిన ఈ ఆటను ఒక్కరు ఆడటానికి వీల్లేదు, ఇద్దరు కలిసే ఆడాలి. విడిపోదామనుకున్న భార్యాభర్తలు కూతురి కన్నీళ్ల వల్ల బొమ్మలుగా మారిపోతారు. మళ్లీ మనుషులు కావటానికి ఇద్దరూ కలిసి పడే పాట్లే ఇందులోని కథ. ఆ ఏటి మేటి ఆటగా అమెరికాలో బహుమతి కూడా అందుకుంది.

అయితే కూతురు మళ్లీ ఏడిస్తే తాము మామూలు మనుషులమవుతామని ఆ దంపతులు ఆమెకు ప్రాణమైన ఏనుగు బొమ్మను పాడుచేసే ఘట్టం ఒకటి ఇందులో ఉంది. వద్దని ఆ బొమ్మ బతిమాలుకుంటుంది. ఒంటరిగా కూర్చుని రాసేవారు దీన్ని దాటిపోవచ్చు. పక్కన ఆరేళ్ల పిల్ల ఉంటే మాత్రం దాటిపోలేరు. తల్లిదండ్రులకు కావలసిన కబురు అదే.

అన్నం వేళకు ఆగుతుందా?

మన పల్లెల్లో ఆట అంటే ఎక్కువగా ఫోనులోదే. పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. దాని స్థానంలో 2021లో వచ్చిన బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియాను కూడా 2022లో నిలిపివేశారు. అది 2023 మే నెలలో తిరిగి వచ్చినప్పుడు 18 ఏళ్ల లోపువారికి రోజుకు 3 గంటలు, పెద్దలకు 6 గంటలు హద్దు పెట్టారు. ఇటువంటి ఆటలో ఒక పందెం పూర్తికావటానికి సుమారు అరగంట పట్టవచ్చు. నడుమ ఆపితే ఓడిపోయినట్టే. అన్నానికి పిలిస్తే పిల్లవాడు కదలకపోవటానికి మొండితనం ఒక్కటే కారణం కాదు. ఆట ఎక్కడ ఆపవచ్చో చెప్పని సమీక్ష ఇంటికి సగమే ఉపయోగం.

డబ్బు వచ్చే దారి

ఇంటి ఖర్చులకు అక్కరకొస్తుందని కొందరు ప్రకటనలు ఒప్పుకుంటారు. ఇక్కడే జాగ్రత్త అవసరం. డబ్బు పుచ్చుకుని చెప్పేటప్పుడు అది ప్రకటన అని స్పష్టంగా తెలపాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని 2025 మార్చిలో తెలంగాణ పోలీసులు సినిమా నటులతోపాటు యూట్యూబులో పేరున్నవారి మీద కూడా కేసులు పెట్టారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చేసిన చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. అటువంటి ఆటలకు ప్రచారం చేసినవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటాయని అందులో ఉంది. సమీక్షకుడి మాట నమ్మి ఎవరి కొడుకో అప్పులపాలైతే, ఆ పైకంతో ఇల్లు గడుపుకోవటం ఏమి గెలుపు?

ముందే మాట్లాడుకుంటే మేలు

ఇంట్లో ముందుగా మాట్లాడుకుని వారానికి ఇన్ని గంటలని నిర్ణయించుకుంటే సగం తగవులు తీరుతాయి. గడువు దగ్గరపడిన వారం ఎక్కువ కూర్చుంటే, ఆ మరుసటి వారం ఆ గంటలు ఇంటికి తిరిగి ఇచ్చేయాలి. నెత్తురు, చంపుడు ఉన్న ఆటలు పిల్లలు నిద్రపోయాకే తెరవాలి. వారంలో ఒక సాయంత్రం సినిమా గానీ, పాట గానీ, ఆట గానీ ఇంటిల్లిపాదీ వంతులవారీగా ఎంచుకోవచ్చు. అవ్వ వంతు వస్తే పాత సినిమాయే చూడాలి మరి.

ఫోనులో ఆట దింపుకొనే చోట 3, 7, 12, 16, 18 అని వయసు గుర్తులుంటాయి. పిల్లలకు ఆట ఇచ్చే పెద్దలైనా, ఆట గురించి పదిమందికి చెప్పేవారైనా మూడు సంగతులు చూసుకోవాలి. ఏ వయసువారికి తగినది? ఎంతసేపటికి ఆపవచ్చు? లోపల డబ్బు అడుగుతుందా? ఈ మూడూ తెలిశాకే ఆటను ఇంట్లోకి రానివ్వటం మంచిది.