శాసన చిత్రాలకు సరైన కొలత: ఎక్స్‌ఎంఎల్ ప్రతులలో రిజల్యూషన్ సమస్య

న్యూఢిల్లీలో ఇండియా గేట్ నుండి గోల్ డాక్‌ఖానా వైపు సాగే అశోకా రోడ్ తెలుగువారికి ఆంధ్ర భవన్ వల్ల సుపరిచితం. ఆ రహదారికి పేరిచ్చిన చక్రవర్తి శాసనాలు ఢిల్లీలోనే మూడున్నాయి: ఫిరోజ్‌షా కోట్లాలోని తోప్రా స్తంభం, రిడ్జ్ మీది మీరట్ స్తంభం, 1966లో బయటపడిన బహాపూర్ శిలాశాసనం. తెలుగునాట ఎర్రగుడి, రాజుల మందగిరి శాసనాలు ఆయనవే. ఇటువంటి శాసనాలను పాఠంతోను, చిత్రంతోను కలిపి ఎక్స్‌ఎంఎల్ ప్రతులుగా రూపొందించే పని నేడు విస్తృతంగా జరుగుతున్నది. అమరావతి, నాగార్జునకొండ మొదలైన చోట్ల లభించిన శాసనాలను ‘ఎపిడాక్’ పద్ధతిలో గుర్తించిన ‘ఆంధ్రదేశపు తొలి శాసనాలు’ అనే సంకలనం ఇందుకు ఉదాహరణ. ఈ పనిలో పాఠానికి ఇచ్చినంత శ్రద్ధ చిత్రపు కొలతకు కూడా ఇవ్వవలసి ఉన్నది.

చుక్క విలువ

1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపి రహస్యాన్ని ఛేదించినది నకళ్ళ సహాయంతోనే. సాంచీ స్తూపం నుండి వచ్చిన చిన్న చిన్న లేఖనాలు ఒకే రెండక్షరాలతో ముగియడం గమనించి, ఆ మాట ‘దానం’ అయి ఉండాలని ఆయన ఊహించాడు. అందులో ‘దా’కు దీర్ఘాన్నిచ్చేది ఒక చిన్న అడ్డగీత, చివరి సున్న ఒక చుక్క మాత్రమే. రాతి మీద చెక్కిన చుక్కకు, కాలక్రమేణా ఏర్పడిన గుంటకు భేదం తెలియాలంటే దాని అంచులు కనబడాలి. అంచులు కనబడేదీ లేనిదీ చిత్రంలో ఆ చుక్కకు దక్కిన పిక్సెళ్ళను బట్టి ఉంటుంది.

కాగితం మీద తీసిన సిరా అచ్చును అంగుళానికి 300 పిక్సెళ్ళ చొప్పున స్కాన్ చేస్తే ఒక మిల్లీమీటరుకు దాదాపు 12 పిక్సెళ్ళు వస్తాయి. 72 చొప్పున చేస్తే మూడైనా రావు. మిల్లీమీటరు వెడల్పు గల చుక్క మొదటి చిత్రంలో గుండ్రంగా నిలుస్తుంది. రెండవదానిలో మరకగా మిగులుతుంది.

రెండు సంఖ్యలు, రెండు అర్థాలు

చిత్రపు ఫైలులో రెండు వేర్వేరు విషయాలు ఉంటాయి. మొదటిది పిక్సెళ్ళ సంఖ్య. చిత్రంలో ఉన్న సమాచారానికి హద్దు అదే. రెండవది సాంద్రత, అనగా అంగుళానికి ఎన్ని పిక్సెళ్ళు పరచాలో చెప్పే సూచన. స్కానర్ రాసిన సాంద్రత అచ్చుకాగితపు అసలు కొలతను తెలుపుతుంది. కెమెరా రాసిన సాంద్రతకు శిల కొలతతో ఏ సంబంధమూ లేదు; అది యంత్రం అలవాటుగా వేసే ముద్ర. అందుచేతనే శిల పక్కన కొలబద్దను ఉంచి ఛాయాచిత్రం తీస్తారు.

ఎక్స్‌ఎంఎల్ పత్రంలో సాధారణంగా చిత్రం ఉండదు, దాని చిరునామా ఉంటుంది. ముద్రణ కొలతను పత్రంలో స్పష్టంగా చెప్పకపోతే, పుటలు కూర్చే సాధనాలు చాలావరకు ఫైలులోని సాంద్రతనే ప్రమాణంగా తీసుకుంటాయి. 6000 పిక్సెళ్ళ వెడల్పు గల ఛాయాచిత్రం 300 సాంద్రతతో 20 అంగుళాలు, 72 సాంద్రతతో 83 అంగుళాలకు పైగా అవుతుంది. రెండింటిలోనూ చిత్రం ఒకటే, పిక్సెళ్ళూ అవే. పుట దాటిపోయిన చిత్రాన్ని చూసి పిక్సెళ్ళను తగ్గించి భద్రపరచడం తరచుగా జరిగే పొరపాటు. అలా పోయిన వివరం మళ్ళీ పెద్దది చేసినంత మాత్రాన తిరిగి రాదు. చేయవలసినది కొలత ప్రకటించడమే. ‘టీఈఐ’ పద్ధతిలో ‘గ్రాఫిక్’ అనే మూలకానికి వెడల్పును మిల్లీమీటర్లలో ఇవ్వవచ్చు. ‘డాక్‌బుక్’ పద్ధతిలోనూ ఇందుకు ప్రత్యేక లక్షణం ఉన్నది. అయిదంగుళాల వెడల్పున 300 సాంద్రతతో ముద్రించడానికి 1500 పిక్సెళ్ళు చాలు. అయితే ఆ 1500 పిక్సెళ్ళ ప్రతి మూలచిత్రం నుండి తీసిన నకలు కావాలి. మూలచిత్రం స్థానాన్ని అది ఆక్రమించరాదు.

పంక్తికీ చిత్రానికీ ముడి

ఎర్రగుడి లఘుశిలాశాసనంలో ఒక విశేషం ఉన్నది. అందులో కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికి, కొన్ని కుడి నుండి ఎడమకు, నాగలిసాలులో ఎద్దు మళ్ళినట్లు నడుస్తాయి. సంపాదకుడు ఒక పంక్తిని ఎటు నుండి చదివాడో పాఠకుడు స్వయంగా సరిచూసుకోవాలంటే, పాఠంలోని ప్రతి పంక్తికీ చిత్రంలోని దాని చోటుకూ ముడి ఉండాలి. ఆ ముడి వేసేది టీఈఐలోని ‘జోన్’ మూలకం. పంక్తి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అది నిరూపకాలతో చెబుతుంది.

ఆ నిరూపకాలను 6000 పిక్సెళ్ళ చిత్రం మీద గుర్తించి, తరువాత 1500 పిక్సెళ్ళ చిత్రాన్ని అదే పేరుతో ఉంచితే ముడి తెగిపోతుంది. 3000వ పిక్సెల్ వద్ద మొదలయ్యే పంక్తి కొత్త చిత్రం అంచు దాటి శూన్యంలో పడుతుంది. పత్రం వ్యాకరణపరంగా నిర్దోషంగానే ఉంటుంది కనుక పరీక్షించే సాధనం దీనిని పట్టుకోదు. దీనికి పరిహారం ‘సర్ఫేస్’ మూలకంలోనే ఉన్నది. శాసనతలం మొత్తానికి నిరూపకాల హద్దులు అక్కడ ముందుగా ప్రకటిస్తే, జోన్ల లెక్క ఆ తలానికి చెందుతుంది, ఏ ఒక్క ఫైలుకూ చెందదు. చిత్రాన్ని చూపే సాధనం ఆ హద్దులను అనుసరించేదైతే, అదే తలాన్ని పూర్తిగా చూపే చిత్రం చిన్నదైనా పెద్దదైనా పంక్తి తన నిష్పత్తిలో తన చోటనే నిలుస్తుంది. చిత్రపు అంచులు కత్తిరిస్తే మాత్రం హద్దులను మళ్ళీ నిర్ణయించవలసిందే.

ఆచరణ క్రమం

మూలచిత్రాన్ని నష్టం లేని టిఫ్ రూపంలో, మార్చకుండా భద్రపరచాలి. జేపెగ్ ప్రతులను మళ్ళీ మళ్ళీ దిద్ది దాచరాదు. ప్రతిసారీ కొంత వివరం నశిస్తుంది. తెరకు, ముద్రణకు వేర్వేరు నకళ్ళు తీసి, వేర్వేరు పేర్లతో ఒకే ‘సర్ఫేస్’ కింద నమోదు చేయాలి. ముద్రణ కొలతను, శిల అసలు కొలతను వేరువేరుగా రాయాలి. చివరగా, శాసనంలోని మొదటి పంక్తిని, చివరి పంక్తిని, సందేహాస్పదమైన ప్రతి అక్షరాన్ని చిత్రంలో తెరచి చూడాలి. సున్నను సున్నగా చదివిన సంపాదకుని నిర్ణయాన్ని మరొక పండితుడు అదే చిత్రం మీద అంగీకరించగలిగినా, ఖండించగలిగినా ఆ ప్రతి తన పని నెరవేర్చినట్లే.